అజల్ రాసి ఉన్నప్పుడు డయాలసిస్ ఎందుకు?

సోంపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక సోదరి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వాళ్ళ అబ్బాకి, అంటే నాన్నకి, 61 ఏళ్ళు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి మానేశారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 8.6, అంటే చాలా ఎక్కువ. రెండు వారాల కిందటి పరీక్షలో పొటాషియం 6.1. కాళ్ళ వాపు, పొద్దున్నే వాంతులు, రాత్రంతా దురద. మూడు నెలల కిందటే ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషను) వేయించారు. తీరా డయాలసిస్ మొదలుపెట్టమని డాక్టరు చెప్పేసరికి అబ్బా అడ్డం తిరిగారు. "నా అజల్ (చావు గడువు) రాసేసి ఉంది. ఒక్క ఘడియ ముందూ కాదు, వెనకా కాదు. మిషను మీద పడుకుంటే అల్లాహ్ రాత మారిపోద్దా?" అంటున్నారట. వైద్యం ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదని మసీదులో ఎవరో చెప్పాక ఆ మాట ఇంకా గట్టిపడింది. రోజూ పొద్దున ఒక కొబ్బరి బొండాం తాగి, ఒంటికి చలవ అంటున్నారట. విశాఖపట్నంలో ఉన్న అన్నయ్యేమో ఫోన్లో "ఇది ఖుద్‌కుషీ (ఆత్మహత్య), హరామ్ మౌత్ (నిషిద్ధమైన చావు). మీకు జనాజా (అంత్యక్రియల నమాజు) కూడా చదవరు" అని అరిచారు. వచ్చే వారం వచ్చి ఎత్తుకునైనా ఆస్పత్రికి తీసుకుపోతానంటున్నారు.

ఉత్తరం రెండో సగంలో ఇంకో బాధ ఉంది. రెండేళ్ళ కిందట ఆమె చాచా (చిన్నాన్న) ఇదే జబ్బుతో పోయారు. అప్పటికి పద్నాలుగు నెలలుగా డయాలసిస్ మీద ఉన్నారు. ముసురు పట్టి బస్సులు తిరగని ఒక రోజు "రేపు పోదాంలే చాచా" అన్నది ఈ సోదరే. మర్నాడు తెల్లవారకముందే ఆయన పోయారు. "నువ్వు ఆ రోజు ఆపకపోతే బతికేవారు" అని చాచీ నలుగురిలో అన్నారు. చివర్లో ఒక ప్రశ్న: "షబే బరాత్ రాత్రి ఆ ఏడాది పోయేవాళ్ళ పేర్లు రాస్తారంటారు కదా. అబ్బా పేరు రాసేసి ఉంటే నా దువా (ప్రార్థన) దేనికి?"

అమ్మా, ముందు పొటాషియం సంగతి చూద్దాం. ఖురాన్, హదీసుల (ప్రవక్త మాటల) సంగతి తర్వాత. మామూలుగా ఇది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, చాలాసార్లు ముందు ఏ సూచనా ఇవ్వదు. రెండు వారాల నాటి రిపోర్టు పట్టుకుని చర్చలు పెట్టుకోవద్దు. ఇది చదివిన రోజే మళ్ళీ రక్త పరీక్ష, దాంతోపాటు ఈసీజీ తీయించండి. దీనికి అబ్బా డయాలసిస్‌కి ఒప్పుకోనక్కర్లేదు, రక్తం చూపించుకోవడానికి ఒప్పుకుంటే చాలు. కాళ్ళూ చేతులూ పట్టు తప్పినట్టు ఉన్నా, గుండె దడదడలాడినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారే దాకా ఆగకండి.

కొబ్బరి బొండాం ఇవాళే మానిపించాలి. కొబ్బరి తోటల మధ్య బతికే మనవైపు ఇది మింగుడుపడని మాటే. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. బొండాంలో 300 మిల్లీలీటర్లు ఉన్నా 600 దాటుతుంది. ఈ స్థితిలో ఉన్న మనిషికి డాక్టర్లు రోజు మొత్తానికి ఒప్పుకునేది 2000 అటూ ఇటూ. అరటిపండు, బత్తాయి రసం, టమాటా పులుసు కూడా అదే దారి. బంగాళాదుంప, ఆకుకూరలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వార్చి పారబోయండి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు ఇంట్లో ఉంటే తీసి పక్కన పెట్టండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి కొనే నొప్పి బిళ్ళలూ వద్దు.

ఇక అబ్బా మాట. ఆయన నమ్మకంలో తప్పు లేదు. తఖ్దీర్‌ని (అల్లాహ్ రాసిన విధిని), దాని మంచినీ చెడునీ నమ్మడం ఈమాన్‌లో (విశ్వాసంలో) ఆరో అంశం. అల్లాహ్ అనుమతి లేకుండా, రాసిన గడువు ప్రకారం తప్ప ఏ ప్రాణీ చనిపోదని ఆలి ఇమ్రాన్ సూరా 145వ వాక్యం చెబుతుంది. గడువు వచ్చాక అల్లాహ్ ఏ ప్రాణికీ వాయిదా ఇవ్వడని మునాఫిఖూన్ సూరా చివరి వాక్యం. ఘడియ ముందూ వెనకా కాదని ఆయన చెప్పేది ఆరాఫ్ సూరా 34వ వాక్యంలోది, అది నిజానికి జాతుల గడువు గురించి వచ్చింది. అయినా భావం మనిషికీ వర్తిస్తుంది. తల్లి గర్భంలో 120 రోజులు నిండాక దైవదూత వచ్చి ఆ బిడ్డ ఉపాధి, ఆయుష్షు, కర్మలు, అంతిమ గతి రాస్తాడని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. ఇందులో దేన్నీ మీరు ఆయనతో వాదించొద్దు. వాదిస్తే బిడ్డకి ఈమాన్ తగ్గిందనుకుంటారు, అసలు విషయం పక్కకు పోతుంది.

ఆయన లెక్క తప్పింది ఒక్క చోట. రాసి ఉందన్నది నిజం. ఏం రాసి ఉందో ఆయనకి తెలుసన్నది నిజం కాదు. ఏ ప్రాణికీ తాను ఏ నేల మీద చనిపోతుందో తెలియదని లుఖ్మాన్ సూరా చివరి వాక్యం. డయాలసిస్ చేయించుకుని పదేళ్ళు బతుకుతారని రాసి ఉండొచ్చు కదా? అప్పుడు ఆ మిషను, ఆ చేతి ఫిస్టులా, పొద్దున్నే మీరు పిలిచే ఆటో, అన్నీ ఆ రాతలో భాగాలే. "మేం వాడే మందులు అల్లాహ్ తఖ్దీర్‌ని తిప్పికొడతాయా?" అని సహాబాలు (ప్రవక్త అనుచరులు) అడిగితే, అవీ అల్లాహ్ తఖ్దీర్‌లోవే అని ప్రవక్త (స) జవాబిచ్చిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. వైద్యం చేయించుకోండి, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ అల్లాహ్ మందు పెట్టాడు అన్నది అబూ దావూద్‌లో ఉంది.

దీన్ని ఖలీఫా ఉమర్ (రజి) అర్థం చేసుకున్నట్టు ఇంకెవరూ చేసుకోలేదేమో అనిపిస్తుంది నాకు. హిజ్రీ 18 ప్రాంతంలో ఆయన సిరియా వైపు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందు ప్లేగు ఉందని తెలిసింది. వెనక్కి తిరగాలని నిర్ణయించారు. "అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా?" అని సహాబీ అబూ ఉబైదా (రజి) అడిగారు. మీ అబ్బా అడిగే ప్రశ్నే. "అవును, అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్‌లోకే పోతున్నాం" అన్నారు ఉమర్. ఒక లోయకి రెండు గట్లుండి ఒకటి పచ్చగా, ఒకటి ఎండిపోయి ఉంటే, నీ ఒంటెల్ని దేని మీద మేపినా అల్లాహ్ తఖ్దీర్ ప్రకారమే కదా మేపేది అని ఎదురడిగారు. ఆ అబూ ఉబైదా తర్వాత అదే ప్లేగులో పోయారు. అందుకని ఆయన ఈమాన్‌ని ఎవరూ తక్కువ చేయలేదు, ఉమర్ ఈమాన్‌నీ ఎవరూ శంకించలేదు. ఇది అబ్బాకి చదివి వినిపించండి. మీ మాటగా కాదు, ఉమర్ మాటగా.

జరిగిపోయినదానికి తఖ్దీర్ ఓదార్పు. జరగబోయేదానికి మన చేతిలో ఉన్నది అల్లాహ్ హుకుం (ఆజ్ఞ) పాటించడం మాత్రమే. ఒంటెను కట్టి అప్పుడు తవక్కుల్ చెయ్యి (అల్లాహ్ మీద భారం వెయ్యి) అన్న హదీసు ముందుకి చూసే మనిషికి చెప్పింది. మీ ఇంట్లో ఈ రెండూ తారుమారయ్యాయి. ఇంకా జరగని చావుకి అబ్బా తఖ్దీర్ అంటున్నారు. ఎప్పుడో జరిగిపోయిన చావుకి మాత్రం చాచీ మీ పేరు చెబుతున్నారు.

మసీదులో చెప్పినాయన మాట సగం నిజం. పూర్వపు ఫకీహుల్లో (ధర్మశాస్త్ర పండితుల్లో) ఎక్కువమంది వైద్యాన్ని అనుమతి ఉన్న పని, లేదా మంచి పని అన్నారు గానీ ఫర్జ్ అనలేదు. మూర్ఛ జబ్బు ఉన్న ఒక స్త్రీతో ప్రవక్త (స), సబర్ చేస్తే (ఓర్చుకుంటే) నీకు జన్నత్ (స్వర్గం), కోరితే నయం కావాలని దువా చేస్తాను అంటే ఆమె సబర్‌నే ఎంచుకుంది. ఇది బుఖారీలో ఉంది, వాళ్ళ ఆధారాల్లో ఇదొకటి. ఆ కాలపు మందు పనిచేస్తుందో లేదో తేలని మందు అన్నది ఇంకో కారణం. పూర్వకాలపు పండితుడు ఇమాం గజాలీ సాధనాల్ని మూడు రకాలు చేశారు: దప్పికకి నీళ్ళలా ఖాయంగా పనిచేసేవి, పనిచేయొచ్చు అనిపించేవి, ఊహ మీద నడిచేవి. మొదటి రకాన్ని వదిలేయడం తవక్కుల్ కాదు, ప్రాణభయం ఉన్నప్పుడు అది హరామ్ అన్నారు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) అకాడమీ 1992లో, వదిలేస్తే ప్రాణమో అవయవమో పోయేటట్టుంటే వైద్యం తప్పనిసరి అని తీర్మానించింది. డయాలసిస్ జబ్బుని నయం చేయదు, అయినా ప్రాణాన్ని నిలుపుతుంది. అందుకని మీ అబ్బా వయసులో, ఇంకా నడవగలిగే మనిషికి, మొదలుపెట్టడం వైపే బలం ఎక్కువని నా అభిప్రాయం. ఒళ్ళు పూర్తిగా శిథిలమై, మిషను వల్ల హింస తప్ప లాభం లేదని డాక్టర్లు చెప్పే దశ వేరు.

మీ అన్నయ్య మాట మాత్రం పూర్తిగా తప్పు, పైగా క్రూరం. వైద్యం వద్దనడం ఖుద్‌కుషీ కాదు. ఖుద్‌కుషీ చేసుకున్నవాళ్ళకి కూడా హనఫీ ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ప్రకారం గుసుల్ (శవస్నానం), జనాజా నమాజు ఉంటాయి. ఇక ఎత్తుకుపోవడం. తెలివిలో ఉన్న పెద్దాయన్ని కట్టి డయాలసిస్ చేయడానికి ఏ డాక్టరూ ఒప్పుకోకూడదు. ప్రవక్త (స) ఆఖరి జబ్బులో నోట్లో మందు పోయొద్దని సైగ చేశారు. రోగి మందుని ఇష్టపడకపోవడం మామూలే కదా అనుకుని ఇంట్లోవాళ్ళు పోశారు. తేరుకున్నాక "వద్దని చెప్పలేదా?" అని నిలదీశారు. ఇదీ బుఖారీలోదే. అన్నయ్య వచ్చేలోపు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి. ఆయనకి ఉన్నది కోపం కాదు, దూరంగా ఉన్న కొడుకు భయం. వచ్చి అబ్బా పక్కన రెండు రోజులు ఊరికే కూర్చోమనండి.

ఇంకొకటి అనుమానంగా ఉంది. అబ్బా ఫిస్టులా వేయించుకున్నారు. అంటే మూడు నెలల కిందట డయాలసిస్‌కి ఆయన మనసు సిద్ధంగానే ఉంది. ఈలోగా రాత మారలేదు, ఆయనలో ఏదో మారింది. తమ్ముడు పద్నాలుగు నెలలు సూదులు పొడిపించుకుని పోవడం కళ్ళారా చూసిన మనిషి. ఖర్చు భయం కావొచ్చు, మీకు భారమవుతానని కావొచ్చు. మగవాళ్ళు భయాన్ని భయం అని చెప్పరు, అజల్ అని చెబుతారు. ఇషా (రాత్రి నమాజు) అయ్యాక ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఎడమ చేయి మీ చేతిలోకి తీసుకోండి. ఫిస్టులా మీద వేళ్ళు ఆనిస్తే జుమ్మని కంపిస్తుంది, చెవి పెడితే హోరు వినిపిస్తుంది. రోజూ అలా చూడాల్సిందే, ఆ కంపనం ఆగితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఆ చేతికి బీపీ పట్టీ, ఇంజెక్షను, రక్తం తీయడం ఏవీ వద్దు. చూస్తూ, "అబ్బా, మిషను అంటే మీకు దేనికి భయం?" అని అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి సమయం పడుతుంది.

ఆయన ముందు పెట్టగల దారులు చెబుతాను. అన్నిటికన్నా నాకు నచ్చేది గడువు పెట్టి చూడటం. జీవితాంతం అనకుండా, ఒక నెల, అంటే వారానికి మూడు చొప్పున పన్నెండు సార్లు చేయించుకుని అప్పుడు చెప్పండి అనడం. మొదటిసారి రెండు గంటలే పెడతారు, తర్వాత పెంచుకుంటూ నాలుగు గంటలకి తెస్తారు. ఒక్కసారే ఎక్కువ శుద్ధి చేస్తే తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి కాబట్టి. మొదటి వారాల్లో పిక్కలు పట్టేయడం, బీపీ పడిపోవడం ఉంటాయి. రెండు సెషన్ల మధ్య నీళ్ళు ఎక్కువ తాగి బరువు పెరిగితే అవి ఇంకా ఎక్కువ. వాంతులు, దురద తగ్గి అన్నం రుచి తెలిస్తే ఆయనే కొనసాగిస్తారు. తగ్గకపోతే మానే హక్కు ఆయనకి ఉంటుంది, ఆ మాట ముందే ఇవ్వండి, ఇచ్చి నిలబడండి. సోంపేట, పలాస, టెక్కలిలో ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆస్పత్రిలో పెద్ద డాక్టరుకి చూపించవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద డయాలసిస్ ఉచితం, పింఛనుకీ సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఖర్చు భయం ఆయనకి ఉంటే ఈ కాగితాలు ముందు చూపించండి.

ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ ఇంకోటి. రోజుకి మూడు నాలుగు సార్లు రెండేసి లీటర్ల ద్రవం పొట్టలోకి ఎక్కించి దించాలి. ముసురొచ్చినా బస్సుతో పని లేదు. కానీ శుభ్రత తప్పితే పొట్టలో చీము పడుతుంది, దిగిన ద్రవం మబ్బుగా కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. కిడ్నీ మార్పిడి గురించి కూడా ఒకసారి అడగండి. బతికున్నవాళ్ళు కిడ్నీ ఇవ్వడంపై ఉలమాల్లో (మత పండితుల్లో) భిన్నాభిప్రాయాలున్నాయి, జిద్దా అకాడమీ 1988లో షరతులతో ఒప్పుకుంది.

ఏదీ వద్దంటే, వద్దన్నాక ఏమవుతుందో ఆయనకి దాచకుండా చెప్పాలి. మూత్రం ఇంకా ఎంత వస్తోందన్నదాన్ని బట్టి వారాలో నెలలో. ఆయాసం, దురద, చివర్లో మగత. ఆ దారిలో కూడా వైద్యం మానేయకూడదు. నీరు తీసే మందులు, దురదకీ వాంతులకీ మందులు, ఊపిరి ఆడకపోతే ఉపశమనం ఇచ్చే మందులు ఉంటాయి. డయాలసిస్ వద్దన్నవాళ్ళకి డాక్టరుతో పని లేదనుకోవడం వల్లే చాలా ఇళ్ళలో చివరి రోజులు నరకమవుతాయి.

నమాజు పోతుందన్న బెంగ ఉంటే, పోదు. హనఫీ ప్రకారం రక్తం కారితే వజూ (నమాజుకి ముందు నీళ్ళతో చేసే శుద్ధి) పోతుంది కాబట్టి జుహర్ (మధ్యాహ్న నమాజు) చదివి వెళ్ళొచ్చు, లేదా సెషను అయ్యాక వజూ చేసి చదవొచ్చు. వేళ దాటిపోయేటట్టుంటే పడుకునే సైగలతో చదవొచ్చు. నీళ్ళు వాడలేకపోతే తయమ్ముమ్ (మట్టితో చేసే శుద్ధి). రంజాన్ రోజాలు (ఉపవాసాలు) ఇక ఉండలేని స్థితి అయితే రోజుకొక పేదకి ఫిద్యా (పరిహారం), అంటే పావు తక్కువ రెండు కిలోల గోధుమలు లేదా వాటి వెల. అప్పులు, అమానతులు (ఇతరులు తన దగ్గర దాచినవి) రాసిపెట్టమనండి. వసియ్యత్ (వీలునామా) ఆస్తిలో మూడో వంతు దాటకూడదు, అదీ వారసులు కానివాళ్ళకి. ఇవి చావుకి తొందరపడటం కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ చేయాల్సినవే.

ఇప్పుడు మీ చాచా. ఒక సెషను తప్పితే ప్రమాదం పెరుగుతుంది. ఆ మాట దాచి మిమ్మల్ని ఓదార్చను. ఒక్కటీ తప్పనివాళ్ళకి కూడా రెండు సెషన్ల మధ్య ఎక్కువ రోజులు వచ్చినప్పుడు గుండె ఆగడం జరుగుతుందన్నది కూడా అంతే నిజం. ఆ రోజు మీకు తెలిసింది ముసురు, బస్సు లేకపోవడం. తెల్లవారితే ఏం కానుందో తెలియదు. పొరపాటున జరిగినదానికి దోషం లేదు, మనసులు ఉద్దేశించినదానికే అని అహ్జాబ్ సూరా 5వ వాక్యం. మా దగ్గరే ఉండి ఉంటే చనిపోయేవాళ్ళు కాదు అనడం విశ్వాసుల మాట కాదని ఆలి ఇమ్రాన్ 156లో ఉంది. ఏదైనా జరిగాక "ఇలా చేసి ఉంటే" అనొద్దు, అల్లాహ్ రాశాడు, కోరింది చేశాడు అనండి, ఆ "ఉంటే" షైతాన్ పనికి తలుపు తెరుస్తుంది అని ముస్లింలో హదీసు. ఆ హదీసే మొదట, మేలు చేసేదాని కోసం పట్టుదలగా పాటుపడు, చేతకాదని కూర్చోకు అంటుంది. ముసురు రోజు కోసం ఒక ఆటో అతని నంబరు ముందే రాసి పెట్టుకోవడం ఆ పట్టుదలే. రాత్రిళ్ళు ఆ రోజుని తవ్వుకోవడం షైతాన్ తలుపు. మొదటిది ఉంచుకోండి, రెండోది వదిలేయండి.

చాచీకి జవాబు చెప్పకండి. భర్త పోయిన మనిషి దుఃఖానికి ఒక పేరు కావాల్సి వచ్చింది, అప్పుడు ఎదురుగా మీరున్నారు. ఏదైనా వండుకుని వెళ్ళండి, చాచా పేరున సదఖా (దానం) ఇద్దామా అని అడగండి. ఆమె మెత్తబడకపోవచ్చు. అయినా వెళ్తూ ఉండండి, బంధుత్వం కలిపి ఉంచేవాళ్ళకి ఆయుష్షు పెరుగుతుందని బుఖారీ, ముస్లిం హదీసు.

మీ చివరి ప్రశ్నకి దారి కూడా అక్కడే ఉంది. రాసేసిన ఆయుష్షు ఎలా పెరుగుతుంది? అల్లాహ్ తాను కోరింది చెరిపేస్తాడు, కోరింది ఉంచుతాడు, మూలగ్రంథం ఆయన దగ్గరే ఉంది అని రఅద్ సూరా 39. దైవదూతల చేతిలో ఉన్న రాతలో మార్పు ఉండొచ్చు, అల్లాహ్ జ్ఞానంలో ఉన్నది మారదు అని పండితులు దీన్ని విప్పారు. మీరు దువా చేస్తారన్నదీ ఆ జ్ఞానంలో ఉన్నదే. ఏడాది వ్యవహారాలు నిర్ణయమయ్యే రాత్రి షబే బరాత్ అని మనవైపు అనుకుంటాం గానీ, దుఖాన్ సూరాలో చెప్పిన ఆ రాత్రి రంజాన్‌లోని లైలతుల్ ఖద్ర్ అన్నదే ఎక్కువమంది ముఫస్సిర్ల (ఖురాన్ వ్యాఖ్యాతల) మాట. ఏ రాత్రి అయినా ఆ జాబితా మీకు చూపించరు, చూపించనిదాన్ని చూసి దువా మానకండి.

కష్టంలో చావు కోరుకోవద్దు, తప్పదనుకుంటే ఇలా అడగండి అని ప్రవక్త (స) నేర్పిన దువా ఒకటుంది: "అల్లాహ్, బతకడం నాకు మేలైనంత కాలం నన్ను బతికించు, చావు నాకు మేలైనప్పుడు నన్ను తీసుకుపో." అబ్బా కోరుకునేదీ మీరు కోరుకునేదీ రెండూ అందులో ఉన్నాయి. ఇవాళ రక్త పరీక్షకి వెళ్ళే ఆటోలో ఇద్దరూ కలిసి చదవండి.